అప్‌డేట్ వచ్చిన రోజే వేయాలా, కొన్నాళ్లు ఆగాలా?

ట్యాబ్లెట్‌కు కొత్త అప్‌డేట్ రాగానే వేసుకునేవారికి ఒక లాభం ఖాయం: భద్రతా లోపాలు వెంటనే పూడుతాయి. లోపం వివరాలు బయటపడ్డాక దాడులు చేసేవారు చేతులు కట్టుకుని కూర్చోరు కదా!

కానీ 2024 సెప్టెంబరులో ఐప్యాడ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్‌ఓఎస్ 18 వేసుకున్నాక కొందరి ఎం4 (ఆపిల్ చిప్) ఐప్యాడ్ ప్రోలు మళ్లీ ఆన్ కానేలేదు. ఆపిల్ ఆ మోడల్‌కు అప్‌డేట్‌ను నిలిపివేసి, అక్టోబరులో 18.0.1తో సరిదిద్దింది. అదే ఏడాది మే నెలలో విడుదల చేసిన, తమ ట్యాబ్లెట్లలోకెల్లా ఖరీదైన దానిపైనే ఇలా జరిగితే, మిగతావాటిని బాగా పరీక్షించారని ఎలా నమ్మేది? కొన్ని వారాలు ఆగినవారికి ఈ బెడదే లేదు.

అందుకే పెద్ద వెర్షన్ విషయంలో నా ఓటు ఆగడానికే. మొదటి సవరణ వచ్చాక, బ్యాకప్ తీసుకుని వేసుకుంటే చాలు. భద్రత కోసమే వచ్చే చిన్న అప్‌డేట్లను మాత్రం వాయిదా వేయకూడదు.

వెనక్కి వచ్చే దారి ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఐప్యాడ్‌లో పాత వెర్షన్‌కు ఆపిల్ ఆమోదం ఆపేసిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఆండ్రాయిడ్ 7తో మొదలైన పద్ధతిలో సిస్టమ్‌కు రెండు విభాగాలుంటాయి: ఒకదానిలో పాతది ఉండగానే రెండోదానిలో కొత్తది చేరుతుంది. కొత్తది మొరాయిస్తే ట్యాబ్లెట్ పాతదానితోనే ఆన్ అవుతుంది. ఆ ఏర్పాటు అన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలోనూ ఉండదు.