డాక్టర్ హూలో రెండు బ్యాట్లు: క్రికెట్‌దా, బేస్‌బాల్‌దా?

కాలంలో ప్రయాణించే ‘డాక్టర్’ అనే గ్రహాంతరవాసి కథే బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’; ఆ పాత్రను ఒకరి తర్వాత ఒకరుగా నటులు వేస్తారు. అందులో ఐదో డాక్టర్‌గా పీటర్ డేవిసన్ వేసుకున్నదే క్రికెట్ డ్రెస్సు. 1982లో వచ్చిన ‘బ్లాక్ ఆర్కిడ్’ కథలో అయితే బ్యాట్ పట్టి నిజంగానే మ్యాచ్ ఆడేస్తాడు. కాలం 1925, ఊరు ఇంగ్లండ్ పల్లె. గ్రహాంతరవాసి క్రీజులోకి దిగి బౌలర్లను ఉతికేస్తుంటే జమీందారుగారి అతిథులు చప్పట్లు కొడతారు. ఆ బ్యాట్‌లో ఏ మహిమా లేదు, దానితో ఎవరినీ కాపాడడు కూడా. ఆ కథలో రాక్షసుడే లేడు మరి!

డాక్టర్ వెంట తిరిగే అమ్మాయి ఏస్ బ్యాట్ సంగతి వేరు. 1988 నాటి ‘రిమెంబ్రెన్స్ ఆఫ్ ద డాలెక్స్’లో ఏడో డాక్టర్ ఆమె బేస్‌బాల్ బ్యాట్‌కి ‘హ్యాండ్ ఆఫ్ ఒమేగా’ అనే గ్రహాంతర యంత్రం శక్తి ఎక్కిస్తాడు. 1963 లండన్, కోల్ హిల్ స్కూలు. ‘చిన్నపాటి ఆడమనిషి’ అని డాలెక్ (లోహపు కవచంలో ఉండే డాక్టర్ శత్రుజీవి) అనడమే ఆలస్యం, ‘ఎవర్ని చిన్నదంటున్నావ్?’ అంటూ దాన్ని చితక్కొడుతుంది. విజిల్ వేయాల్సిన సీను.

సీను కోసమైతే ఏస్ బ్యాటే, అనుమానం లేదు. కానీ దాని బలమంతా అరువు బలం. నా ఓటు క్రికెట్ బ్యాట్‌కే. విశ్వమంతా తిరిగేవాడు పనీపాటా లేకుండా ఓ మధ్యాహ్నం ఆడుకోవడం ఈ సిరీస్‌లో అరుదు. పైగా ఆ ఆటగాడి చేతి నేర్పు అదే ఏడాది ‘ఫోర్ టు డూమ్స్‌డే’లో పనికొచ్చింది: అంతరిక్షంలో బంతిని ఓడకేసి విసిరి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుని, ఆ ఊపుతోనే తన కాలయంత్రం టార్డిస్ వైపు తేలిపోతాడు.