లడ్లోనా, లావెన్‌హామా? ఇంగ్లండ్ పాత సంత ఊళ్లలో ఏది మేలు?

వంకర ఇళ్ల ఫొటోలు చూస్తే మనసు సఫోక్‌లోని లావెన్‌హామ్ మీదికే పోతుంది. చరిత్ర కోసమే వెళ్తుంటే మాత్రం వేల్స్ సరిహద్దు దగ్గర, ష్రాప్‌షైర్‌లో ఉన్న లడ్లోకే నా ఓటు.

లావెన్‌హామ్‌కు సంత హక్కు 1257లో వచ్చింది. తర్వాత ఊరిని పెంచింది నీలం ఉన్ని బట్ట. వోడ్ అనే మొక్క ఆకుల్ని పులియబెట్టి ఆ రంగు తీసేవారు. 1524 పన్ను లెక్కల నాటికి ఇది ఇంగ్లండ్‌లోని సంపన్న పట్టణాల వరుసలో ఉంది. మరుసటేడు ఎనిమిదో హెన్రీ అదనపు పన్ను అడిగితే ఇక్కడి నేతపనివాళ్లు వేలల్లో తిరగబడ్డారు, రాజు వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత కాల్చెస్టర్‌లో స్థిరపడిన డచ్ కాందిశీకులు తేలికైన, చవకైన బట్ట నేయడంతో ఈ మందపాటి బట్ట అడిగేవాళ్లు తగ్గారు. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునే డబ్బు ఊళ్లో లేకపోయింది. ఇవాళ 300కు పైగా రక్షిత కట్టడాలు మిగలడానికి ఆ పేదరికమే కారణం.

ఇక్కడ చూడాల్సింది కొయ్యపని. 1530 ప్రాంతపు గిల్డ్‌హాల్ (ఊరి సంఘం సమావేశ మందిరం) ముందు నిలబడి నిలువు గుంజల మధ్య ఎడం గమనించండి. గుంజలు ఎంత దగ్గరగా ఉంటే యజమాని అంత డబ్బున్నవాడని లెక్క, ఎందుకంటే కట్టడం నిలబడటానికి అంత కలప అక్కర్లేదు. పచ్చి ఓక్ దుంగలతోనే చట్రం బిగించేవారు. అది ఆరుతూ మెలితిరగడం వల్లా, తర్వాతివాళ్లు చట్రానికి దన్నుగా ఉన్న ఏటవాలు కొయ్యలు కోసేయడం వల్లా ఇళ్లు ఒరిగాయి. గుంజల మధ్య తడిక కట్టి మట్టి మెత్తి, సున్నం పూసేవారు. సున్నం గోడలోని తడిని బయటికి వదులుతుంది. అదే గోడకు సిమెంటు పూస్తే తడి లోపలే నిలిచి, అన్నిటికన్నా ముందు అడుగు దూలం కుళ్లిపోతుంది. ఇలాంటి ఇళ్ల మరమ్మతుల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే.

అయితే లావెన్‌హామ్‌లో కనిపించేది ప్రధానంగా ఒక్క కాలమే. లడ్లోలో ఒక కాలం మీద ఇంకోటి పేరుకుంది. 11వ శతాబ్దం చివర్లో లేసీ వంశం కోట కట్టింది, దాని గుమ్మం ముందు కొలిచి గీసినట్టు ఊరు వేశారు. వీధివైపు ఇరుకుగా, వెనక్కి పొడుగ్గా సాగే ఇళ్లస్థలాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పూర్వం సంత కోట దగ్గర్నుంచి బుల్‌రింగ్ అనే వీధి దాకా పరుచుకుని ఉండేది. తాత్కాలిక అంగళ్లు క్రమంగా పక్కా ఇళ్లయి, మధ్యలో సందులు మిగిలాయి. ఆ సందుల్లో నడిస్తేనే ఈ సంగతి అర్థమవుతుంది, కోట మీంచి చూస్తే కాదు. బ్రాడ్ స్ట్రీట్‌లో 18వ శతాబ్దపు ఇటుక ముఖాల వెనక పాత కొయ్య చట్రాలు దాగి ఉన్నాయి. సెయింట్ లారెన్స్ చర్చిలో పాటగాళ్ల మడత కుర్చీల అడుగున చెక్కడాలు తప్పక చూడండి. కొలతలో మోసం చేసిన బీరు అమ్మే ఆవిడను దయ్యాలు నరకానికి మోసుకుపోతుంటాయి.

ఈ కోటకు మనతోనూ లంకె ఉంది. 1811లో దీన్ని కొన్న పోవిస్ ఎర్ల్, రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు ఆయనే. నిజాం రాయలసీమను కంపెనీకి ధారపోసిన 1800 సంవత్సరం ఆయన హయాంలోనిదే. కోట నేటికీ పోవిస్ ఎస్టేట్‌దే. అందుకని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సభ్యత్వం ఇక్కడ చెల్లదు, లావెన్‌హామ్ గిల్డ్‌హాల్లో చెల్లుతుంది.

లండన్ నుంచి ఒక్క పగలే చేతిలో ఉంటే లావెన్‌హామ్ నయం. మార్క్స్ టేలో రైలు మారి సడ్‌బరీ, అక్కణ్నుంచి బస్సు. ఊరి రైలు 1961లోనే ఆగిపోయింది. ఆదివారం బస్సులు ముందే చూసుకోండి. లడ్లోకు స్టేషన్ ఉంది కానీ ప్రయాణం మూడు గంటల పైమాట, రాత్రి ఉండాల్సిందే. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో వెళ్తే సంత కూడా దొరుకుతుంది.

మూడో ఊరు కావాలంటే కాట్స్‌వోల్డ్స్‌లోని చిప్పింగ్ క్యామ్‌డెన్. 1627 నాటి రాతి సంతమండపం ఒక్కటే చాలు వెళ్లడానికి. ఆ పక్కనే బ్రాడ్ క్యామ్‌డెన్‌లో కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి కాపురముండి, సింహళ కళల మీది తన పుస్తకాన్ని అక్కడే అచ్చు వేయించారు. తర్వాత 1917లో మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యతో కలిసి అభినయ దర్పణమనే సంస్కృత నాట్యగ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆయనే.