మిజ్రాహ్ పేపర్ కట్ తెప్పించుకున్నాను, మూడు నెలల తర్వాత నా రివ్యూ

మాది శ్రీకాకుళం, అమ్మమ్మ వాళ్ళది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, రాట్నం చప్పుడు, వీటి మధ్యే పెరిగాను కాబట్టి చేత్తో చేసిందంటే నా మనసు ఆగదు. సంక్రాంతి ముందు విదేశంలో ఉన్న ఒక యూదు ఆర్టిస్టు దగ్గర (కాగితం, నార రెండూ కలిపి చేస్తుంది ఆవిడ) ఒక మిజ్రాహ్ కొన్నాను, 18 వేలు పడింది, కస్టమ్స్ వేరే.

మిజ్రాహ్ అంటే హీబ్రూలో తూర్పు, కాగితం కోసి చేసే ఈ గోడ పటానికీ అదే పేరు. జెరూసలేంకి పడమర దేశాల్లో ఉండే యూదులు ప్రార్థనకి ఎటు తిరగాలో తెలిసేలా ఇంట్లో తూర్పు గోడకి తగిలిస్తారు. పోలండ్, ఉక్రెయిన్ వైపు 19వ శతాబ్దంలో మామూలు ఇళ్ళల్లో కూడా కాగితం సగానికి మడిచి చాకుతో కోసి చేసుకునేవాళ్ళు, రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఇళ్ళూ ఆ మనుషులూ పోయారు, పాతవి చాలా కొద్దిగానే మిగిలాయి. అది చదివాకే ఇప్పుడు చేస్తున్నవాళ్ళ దగ్గర ఒకటైనా కొనాలనిపించింది.

పని మాత్రం అద్భుతం. మధ్యలో ఏడు కొమ్మల దీపస్తంభం, అటూ ఇటూ సింహాలు, కింద జింకలు, చుట్టూ ద్రాక్ష తీగ. నడిమి మడత గీత అలాగే కనిపిస్తుంది, దాన్ని దాచలేదు. సింహం మీసం దగ్గర కాగితం వెంట్రుకంత సన్నం, ఎక్కడా చిరుగు లేదు.

కింద నాలుగు కుచ్చులు, వాళ్ళ ప్రార్థన శాలువా మూలల్లో ఉండే త్సీత్సీత్ అనే కుచ్చుల పద్ధతిలో కట్టింది. నాలుగు దారాలు మడిస్తే ఎనిమిది, అయిదు ముళ్ళు, ముళ్ళ మధ్య 7, 8, 11, 13 చుట్లు. అమ్మమ్మ వేలితో తడిమి "ఉన్ని కాదేటే ఇది?" అంది. కాదు, అవిసె నార. ఉన్నీ అవిసె నారా కలిపిన బట్ట కట్టకూడదని తోరాలో (యూదుల పవిత్ర గ్రంథం) ఉంది, గోడకి తగిలించేదానికి ఆ నియమం లేకపోయినా తను కలపనని ఆవిడ మెయిల్లో రాసింది. "మన మడిలాగన్నమాట" అంది అమ్మమ్మ.

మనకి జెరూసలేం పడమర కదా, అందుకే ఆ ఆర్టిస్టుని అడిగి పడమటి గోడకే పెట్టాం. పొద్దున్నే తూర్పు కిటికీలోంచి ఎండ పడితే సింహాల నీడ వెనక గోడ మీదకి వస్తుంది, తోలుబొమ్మ చూసినట్టే. అరసవల్లి పక్కనున్నవాళ్ళం, పొద్దుటి ఎండ విలువ మనకి వేరే చెప్పాలా!

కొనేవాళ్ళకి ఒక్క మాట, ఫ్రేమ్ దగ్గర జాగ్రత్త. ఇక్కడ ఒక షాపులో అద్దాన్ని కాగితానికి అంటించేశారు, వెనక అట్ట కూడా పెట్టేశారు, మన సముద్రపు తేమకి పది రోజుల్లో అంచులు అలల్లా లేచాయి, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంకోచోట విప్పించి ముందూ వెనకా అద్దం వేయించి, కాగితానికి అర అంగుళం ఖాళీ వదిలించాను, గోడకి కూడా కొంచెం ఎడంగా తగిలించాం, అప్పుడే నీడ కూడా వచ్చింది. ఆర్టిస్టు పంపిన ప్యాకింగ్ మాత్రం బాగుంది, రెండు గట్టి అట్టల మధ్య చదునుగా వచ్చింది. ఏడు వారాలు పట్టింది, అందులోని నీలం రంగు ఫోటోలో కన్నా ముదురు, ఆ రెండే లోట్లు. అయిదుకి నాలుగున్నర.

అమ్మమ్మ ఇప్పుడు 100 కౌంటు (చాలా సన్నటి) నూలు తీసి తనూ ఒక కుచ్చు కడుతోంది, 13 చుట్ల దగ్గరకొచ్చేసరికి ఆగి మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడుతోంది.