క్లిక్కరా, నోటిమాటా? కుక్కపిల్లకు ఏది మేలు

కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్ళు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్నది ఒకటే: క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం) కొనాలా, నోటితో చెబితే సరిపోతుందా? కొట్టకుండా, తిండి ఇచ్చి నేర్పాలన్న సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి వెళ్ళను.

రెండూ చేసే పని ఒకటే. పిల్ల కూర్చోగానే మనం జేబులో చెయ్యి పెట్టి, కవరు విప్పి, చికెన్ ముక్క బయటికి తీసేలోపు అది లేచి తోక ఊపుతూ ఉంటుంది. అప్పుడు ముక్క ఇస్తే లేచినందుకు ఇచ్చినట్టే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కాంటా కాగానే రైతుకు తక్‌పట్టీ అనే తూకం చీటీ అందుతుంది, డబ్బు తరువాత వస్తుంది. పిల్ల వెనక భాగం నేలకు తాకిన క్షణాన వినిపించే శబ్దం కూడా అలాంటి చీటీయే. దేనికి కూలి వస్తోందో అక్కడికక్కడే ఖాయం చేస్తుంది. చీటీ రాశాక డబ్బు ఎగ్గొట్టే వ్యాపారిని రైతు ఎన్నాళ్ళు నమ్ముతాడు? అందుకే శబ్దం పొరపాటున చేసినా ముక్క ఇచ్చి తీరాలి.

క్లిక్కర్‌కు మంచి వంశమే ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మేరియన్ బ్రెలండ్ దంపతులు 1940లలోనే అమెరికాలో జంతువులకు ఈ పద్ధతిలో నేర్పారు. డాల్ఫిన్లకు ఈలతో నేర్పిన కరెన్ ప్రయర్ 1990లలో క్లిక్కర్‌ను మామూలు కుక్కల యజమానుల దాకా తెచ్చారు. దాని గొప్పదనం ఏమిటంటే, ఎవరు నొక్కినా ఒకే శబ్దం. మన గొంతులోని విసుగు, అలసట అందులో వినిపించవు. తల కాస్త తిప్పడం, ముందు కాలు ఎత్తడం వంటి చిన్న కదలికలను పట్టుకోవడంలో దానికి సాటి లేదు. ఆ శబ్దానికి బెదిరే పిల్లలూ ఉంటాయి. అప్పుడు క్లిక్కర్‌ను రుమాలులో చుట్టి నొక్కితే చాలు.

అయితే క్లిక్కర్ వాడితేనే కుక్క త్వరగా నేర్చుకుంటుందా? 2016లో ఇటలీ పరిశోధకులు 51 కుక్కలను మూడు గుంపులు చేసి, రొట్టె డబ్బా తెరవడం నేర్పారు. కొన్నింటికి క్లిక్కర్, కొన్నింటికి ఒక మాట, మిగిలినవాటికి తిండి మాత్రమే. చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనబడలేదు. ఒక్క ప్రయోగంతో తీర్పు చెప్పలేం కానీ, క్లిక్కర్ లేకపోతే పిల్ల వెనకబడిపోతుందన్న బెంగ మాత్రం అక్కర్లేదు.

కాబట్టి తేల్చవలసింది కుక్క సంగతి కాదు, ఇంట్లో మనుషుల సంగతి. హనుమకొండలో మా ఇల్లు లాంటి ఇంట్లో పెద్దవాళ్ళు, బడికెళ్ళే పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు ఉంటారు. క్లిక్కర్ కనిపిస్తే పిల్లలు టకటకా నొక్కకుండా ఉండరు. ఆ చప్పుళ్ళకు తిండి రాకపోవడంతో శబ్దం విలువ కరిగిపోతుంది. పైగా కుక్కపిల్ల పాఠం మన వీలు చూసుకుని జరగదు. అత్తమ్మ జొన్నరొట్టె కొడుతుంటే అది వంటింటి గడప దగ్గరికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే బుద్ధిగా కూర్చుంటుంది. చేతులనిండా పిండి ఉన్న మనిషి క్లిక్కర్ ఎక్కడ వెతుక్కుంటుంది? నోరైతే ఎప్పుడూ ఖాళీయే (మా అత్తమ్మ విషయంలో అంత ఖాళీ కాదనుకోండి). వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేటప్పుడూ ఇదే తంటా. ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతిలో ముక్కలు, ఎదురుగా వీధికుక్క. మూడో చెయ్యి లేదు.

అందుకే మేము మాటనే ఎంచుకున్నాం. అయితే ‘గుడ్’, ‘శభాష్’ వద్దనుకున్నాం. పిల్లల హోంవర్కుకూ, క్రికెట్ చూస్తున్నప్పుడూ అవే మాటలు, వాటికి తిండి రాదు. మా ఇంట్లో ‘టిక్’ అంటాం. పొట్టిగా ఉంటుంది, ఇంకెందుకూ వాడం. మొదట్లో ఏ పనీ చెప్పకుండా ‘టిక్’ అంటూ వెంటనే ముక్క పెడుతూ పోతే, ఆ మాట వినగానే పిల్ల మన చేతి వైపు చూడటం మొదలవుతుంది. అక్కడినుంచి కూర్చోవడం నేర్పవచ్చు.

ఒంటరిగా ఉండి, రోజూ ఒకే వేళకు నేర్పగలిగేవాళ్ళు క్లిక్కర్ తీసుకోవచ్చు. ఊరికే గొంతు లేచే కోపిష్టులకైతే అదే నయం.

మిగతావి రెండు మాటల్లో. ఈల ఆరుబయట దూరం నుంచి పిలవడానికి బాగుంటుంది, గదిలో అనవసరం. గొంతు బిగించే గొలుసు, షాక్ కాలర్ వద్దు. 2020లో వెలువడిన పోర్చుగల్ అధ్యయనంలో 92 కుక్కలను పరిశీలిస్తే, దండించి నేర్పేచోట ఉన్నవాటిలో ఒత్తిడి ఎక్కువ కనిపించింది. ఇక ముక్కలంటారా, ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్, శనగగింజంత. ఇలాంటివన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ అసలే పెట్టకూడదు.

ఇంత చెప్పినా క్లిక్కర్ మీద మనసుంటే, ముందు నొక్కుడు పెన్నుతో ఒక వారం ప్రయత్నించి చూడండి. వారం తిరిగేసరికి ఆ పెన్ను మీ జేబులోనే ఉంటే క్లిక్కర్ కొనండి. పిల్లల కంపాస్ బాక్సులో దొరికితే ఒక మాట వెతుక్కోండి.