నాటకాన్ని నవలలా చదివే పిల్లలకు పనికొచ్చే గైడు

మా అమ్మాయికి ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్షలో షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’, ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ రెండూ ఉన్నాయి. కథ అడిగితే గడగడా చెప్పేస్తుంది, మార్కులు మాత్రం సగం దగ్గరే ఆగిపోయేవి. పేపర్ తెరిస్తే మార్జిన్‌లో ‘కథ చెప్పావు, విశ్లేషణ ఏదీ?’ అని ఉంది. ఆ టెన్షన్‌లో కొన్నాను ఈ గైడు.

మొదటి అధ్యాయానికే డబ్బులు గిట్టాయి. పాత్ర ఏమందో తర్వాత, ముందు ఆ క్షణాన స్టేజీ మీద ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో రాయమంటుంది. ఐదో అంకం మొదటి రంగంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ వస్తుంది, చేతిలో దీపం. మొదటి అంకంలో చిమ్మచీకటిని రమ్మని పిలిచిన మనిషికి ఇప్పుడు పక్కన దీపం లేకపోతే కుదరదు. అంతవరకూ పద్యంలో పలికిన ఆవిడ మాట ఇక్కడ వచనంలోకి జారిపోతుంది. ఈ రెండు సంగతులూ పట్టుకుని మా అమ్మాయి ఒక పేజీ రాసింది. అందులో కథ ఒక్క ముక్క లేదు!

ఇబ్సెన్ భాగంలో ఉత్తరాల పెట్టె గురించి రాసింది ఇంకా బాగుంది. తాళంచెవి నాయిక నోరా భర్త దగ్గరే ఉంటుంది, ఆమె రహస్యంగా చేసిన అప్పు సంగతి బయటపెట్టే ఉత్తరం ఆ పెట్టెలోనే ఉంది. తాళంలో ఇరుక్కున్న విరిగిన హెయిర్‌పిన్ అతనికి దొరికినప్పుడు, నోరా ఎంత కంగారుపడి ఉంటుందో ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది.

నచ్చనిది నేపథ్యం భాగం. ‘ఆ కాలంలో స్త్రీలకు హక్కులు లేవు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పిల్లలు దాన్నే బట్టీపట్టి ప్రతి జవాబులోనూ అతికిస్తారు. భర్త అనుమతి లేకుండా భార్య అప్పు చేయకూడదన్న నియమం 1879 నాటి ఆ నాటకంలో కథకే ఇరుసు. నోరా దాచిన అప్పూ, పెట్టిన దొంగ సంతకమూ దాని చుట్టూ తిరిగేవే. జర్మన్ స్టేజీ కోసం ఇబ్సెనే ఇష్టం లేకుండా ఇంకో ముగింపు రాయాల్సివచ్చిందన్న ముచ్చటా లేదు. చివర్లో నోరా ఇల్లు వదిలి వెళ్లిపోతూ వేసిన ఆ తలుపు చప్పుడు జనాన్ని ఎంత కుదిపిందో పిల్లలకు చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

మోడల్ ఆన్సర్లన్నీ ఒకే అచ్చు. ఆ పేజీలకు క్లిప్ పెట్టి మూసేశాను. మిగతా పుస్తకం రోజూ మా అమ్మాయి టేబుల్ మీదే ఉంటోంది.