పిట్టోస్పోరంతో 7 ఏళ్లు: ఆ ఒక్క పచ్చకొమ్మ

సముద్రపు గాలికి ఎదురుగా తోట వేసుకున్నవాళ్లకు ఆకుల అంచులు మాడిపోవడం తెలిసిన బాధే. నేను నాటినవాటిలో మూడు రకాలు రెండేళ్లు తిరగకుండానే పోయాయి. అందుకే రెండు రంగుల ఆకులుండే పిట్టోస్పోరం తోబిరా అనే పొద మొక్క అంటే నాకింత ఇష్టం. బూడిద కలిసిన ఆకుపచ్చ ఆకు, దాని చుట్టూ మీగడ రంగు అంచు. ఉప్పు జల్లు పడిన మర్నాడు కూడా ఆకు చెక్కుచెదరదు. వసంతంలో పూస్తే అచ్చం నారింజ పూల వాసన.

నాలుగో ఏడు పొద నడుమ నుంచి పూర్తిగా పచ్చని కొమ్మ ఒకటి లేచింది. అంచు లేదు, మచ్చ లేదు. మిగతావాటికంటే జోరుగా పెరుగుతుంటే, మొక్క ఇన్నాళ్లకు బాగా కుదురుకుందని సంబరపడ్డాను. ఏడాది తిరిగేసరికి పొదలో మూడో వంతు పచ్చగా మారింది. మీగడ రంగు భాగంలో పత్రహరితం దాదాపు ఉండదు కాబట్టి ఆ కొమ్మలు నిదానంగా పెరుగుతాయి. పచ్చకొమ్మకు ఆకంతా పనిచేస్తుంది. వదిలేస్తే పొదనంతా అదే కమ్మేస్తుంది. ఇది తెలియక చివర్లు మాత్రం కత్తిరించాను. కోసిన చోట్ల నుంచి ఒకటికి మూడు పచ్చ చిగుళ్లు వచ్చాయి. చివరికి ఆ కొమ్మ ఎక్కడ పుట్టిందో వెతికి, అక్కడికంటా కోసేశాను. పొద ఒక పక్క బోడిగా మిగిలింది. అసలే మెల్లగా పెరిగే మొక్క, ఆ ఖాళీ పూడటానికి రెండేళ్లు పట్టింది. అప్పట్లో దాన్ని చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది.

ఉప్పుకు తట్టుకుంటుందని అన్నాను కానీ, అది ఆకు మీద పడే జల్లు సంగతి. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. మొదటి ఏడాది నేనే గాలికి అడ్డంగా తడిక కట్టాను. నాది ఇసుక నేల కావడం కూడా కలిసొచ్చింది.

నాకున్నది ఒక్క పొద, వారానికోసారి కొమ్మలు విడదీసి చూసే తీరికా ఉంది. అందుకని మళ్లీ నాటమన్నా నాటుతాను. పొడవైన కంచెగా వేసి, ఏడాదికోసారి పైపైన కత్తిరించి వదిలేద్దామనుకునేవాళ్లకు మాత్రం ధైర్యంగా చెప్పలేను. వాళ్లకు మామూలు పచ్చ రకమే నయమేమో.

మొన్న కూడా అడుగున ఒక పచ్చ చిగురు కనిపించింది. వేలెడంత కూడా లేదు. అక్కడే తుంచేశాను.