ఘాట్ రోడ్డు, రెండో గేరు: మోపెడ్ దిగి స్ప్లెండర్ ఎక్కాక ఆరేళ్లు

స్ప్లెండర్ గురించి కొత్తగా చెప్పేదేముంది, ఏ వీధిలో చూసినా నాలుగు కనపడతాయి. మైలేజీ, సీటు, లైటు అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది దాని రెండో గేరు గురించి. పన్నెండేళ్లు గేర్లు లేని మోపెడ్ మీద ఘాట్ ఎక్కి దిగినవాణ్ణి కాబట్టి ఆ గేరు విలువ నాకు బాగా తెలుసు.

నాది కుట్టు మిషన్ల రిపేరు పని. ఇల్లు నర్సీపట్నంలో. వారానికి మూడు రోజులు లంబసింగి, తాజంగి, చింతపల్లి వైపు వెళ్తాను. ఒక్కోసారి గూడెం కొత్తవీధి దాకా. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక మా ఊరు అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది, నా గిరాకీ అంతా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. డౌనూరు దాటితే ఘాట్ మొదలు. అక్కణ్నుంచి లంబసింగి దాకా మలుపుల మీద మలుపులు. పైన ఊరు సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలంలో మంచు చూడ్డానికి జనం కార్లు కట్టుకుని వస్తారు. నాకు మాత్రం అది పనికి వెళ్లే దారి.

మోపెడ్‌ని తక్కువ చేసి మాట్లాడను. నా పిల్లల చదువులు దాని మీదే నడిచాయి. మా నాన్నగారి రోజుల్లో గేర్లు లేని బండి ఏదైనా సరే లూనా అనేవారు, నాది కూడా ఇంట్లో చివరిదాకా లూనాయే. రెండు స్ట్రోకుల పాత ఇంజను, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. కాళ్ల మధ్య ఖాళీలో మిషన్ హెడ్ (కుట్టు మిషన్ పై భాగం) నిలబెట్టి మోకాళ్లతో పట్టుకుంటే కదిలేది కాదు. వెనక క్యారియర్ మీద ఇంకోటి. నర్సీపట్నం వీధుల్లో అంతకంటే మంచి బండి లేదని ఇప్పటికీ అంటాను.

కొండ మీదే దాని ఇబ్బంది. ఎక్కేటప్పుడు రెండు హెడ్లు ఉంటే పెద్ద మలుపుల దగ్గర దిగి, రేజు (యాక్సిలరేటర్) ఇస్తూ పక్కన నడిచేవాణ్ణి. అదైనా ఒంటికి శ్రమ, అంతే. భయమంతా దిగేటప్పుడే. అలాంటి మోపెడ్‌లో క్లచ్ దానంతటదే పడుతుంది, దానంతటదే వదులుతుంది. ఇంజను స్పీడు తగ్గిందంటే చక్రానికీ ఇంజనుకీ సంబంధం ఉండదు, బండి వాలులోకి జారిపోతూనే ఉంటుంది. ఇక ఆపాల్సింది బ్రేకులే. పావుగంటసేపు బ్రేకు పట్టుకునే దిగితే చక్రం మధ్యలోని బ్రేకు డ్రమ్ము కాలిపోతుంది, లోపల దాన్ని ఒరుసుకుని ఆపే షూలు పట్టు వదిలేస్తాయి. 2018 డిసెంబరులో ఒక సాయంత్రం, బరువుతో దిగుతుంటే వెనక బ్రేకు లివర్ హ్యాండిల్‌కి ఆనేదాకా వచ్చేసింది. బండి మాత్రం ఆగలేదు. ముందు బ్రేకు గట్టిగా పడితే పడిపోతాను. రోడ్డు పక్క మట్టి గట్టుకి బండిని రాసి, రెండు కాళ్లూ ఆనించి ఆపాను. దిగి చూస్తే డ్రమ్ము దగ్గర కాలిన వాసన. అరగంట అక్కడే కూర్చున్నాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి. మోపెడ్ మార్చాలని ఆ రోజే అనుకున్నాను.

చేతిలో 30 వేలు. కొత్త బండికి సరిపోవు, ఫైనాన్స్ నాకు ఇష్టం లేదు. సెకండ్ హ్యాండ్‌లో ప్లాటినా చూశాను, సీటీ 100 చూశాను, హెచ్ఎఫ్ డీలక్స్ చూశాను. ప్లాటినా సీటు, స్ప్రింగులు మెత్తగా ఉన్నాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లకి అదే మంచిదేమో. చివరికి నా లెక్క ఒక్కటే: కొండ మీద ఏ షెడ్డు ముందు ఆగినా ఆ బండి పార్టు దొరకాలి. స్ప్లెండర్ ఇంజను, డీలక్స్ ఇంజను రెండూ అదే 97.2 సీసీ కాబట్టి, రెండిట్లో ఏది దొరికితే అది తీసుకుందామనుకున్నాను. 2019 మొదట్లో ఒక మాస్టారి దగ్గర 2014 మోడల్ స్ప్లెండర్ ప్లస్ 27 వేలకి దొరికింది.

కొనేటప్పుడు నేను చూసినవి రెండు. ఒకటి, పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి నా కాలితో కిక్ కొట్టడం. బండి చూపించేవాళ్లు ముందే వేడి చేసి పెడితే స్టార్టింగ్ సంగతి బయటపడదు. రెండోది, స్టాండు వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపి చూడటం. బుష్‌లు పోతే చేతికి తెలిసిపోతుంది. కాగితాలకి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించి పేరు మార్పించుకున్నాను. ఇక్కడే చాలామంది మరిచిపోయేది ఒకటుంది. నా లైసెన్సు గేర్లు లేని బండికి. దానితో స్ప్లెండర్ నడపకూడదు. మళ్లీ ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని, టెస్టుకి వెళ్లి, గేర్ల బండి కూడా రాయించుకున్నాను. మోపెడ్ నుంచి మారేవాళ్లు ముందు మీ కార్డు ఒకసారి చూసుకోండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇదే అడ్డం వస్తుంది.

గేర్లు అలవాటవడానికి పది రోజులు పట్టింది. ముందు పెడల్ నొక్కితే పైగేరు, మడమతో వెనక నొక్కితే కిందగేరు. నలభై దాటిన వయసులో ఎడమ కాలికి, ఎడమ చేతికి ఒకేసారి పని చెప్పడం మొదట్లో కష్టమే. కాలనీ గ్రౌండులో మా అబ్బాయి వెనక కూర్చుని "నాన్నా, క్లచ్ మెల్లగా వదులు" అంటూ నేర్పించాడు.

మొదటిసారి ఘాట్ దిగిన రోజు బాగా గుర్తుంది. లంబసింగి దాటి మొదటి పల్లం దగ్గర రేజు వదిలేసి, మడమతో నొక్కి రెండో గేరులోకి తెచ్చాను. బండి ముక్కు కొంచెం కిందికి వంగింది, ఇంజను గొంతు పెరిగింది. అంతే, గేరు వల్ల చక్రం ఇంజనుకి కట్టేసినట్టు ఉండటంతో, ఎవరో వెనక క్యారియర్ పట్టుకుని మెల్లగా వెనక్కి లాగుతున్నట్టు బండి నిలదొక్కుకుంది. పల్లం పెరిగింది, స్పీడు పెద్దగా పెరగలేదు. బ్రేకు మీద వేళ్లు ఊరికే ఆనించి ఉంచాను. మలుపు వస్తే చిన్న తాకిడి, మళ్లీ వదిలేయడం. డౌనూరు చేరాక దిగి డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, చెయ్యి పెట్టి ఉంచగలిగాను. అన్నేళ్లలో ఆ ఘాట్ దిగాక డ్రమ్ము మీద చెయ్యి పెట్టగలగడం అదే మొదలు. ఇంటికెళ్లి మా ఆవిడకి ముందు ఈ మాటే చెప్పాను.

పెట్రోలు మిగులుతుందని చాలామంది ఘాట్‌లో న్యూట్రల్ చేసి, కొందరు తాళం కూడా తిప్పేసి దిగుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మిగిలేది ఏ పది రూపాయలో. న్యూట్రల్లో ఉన్న మోటార్ సైకిల్ నా పాత మోపెడ్ లాంటిదే, పైగా అంతకంటే బరువు. ఏ గేరులో ఎక్కాల్సి వస్తుందో ఆ గేరులోనే దిగాలని జీపు డ్రైవర్లు చెప్పే లెక్క బైకుకీ సరిపోతుంది.

ఇంత మెచ్చుకున్న గేర్ల వల్లే ఒక రాత్రి ఇబ్బంది పడ్డాను. అది కూడా చెప్పాలి.

2022 నవంబరు. చింతపల్లి సంత ముగించుకుని దిగుతున్నాను. వెనక రెండు హెడ్లు తాళ్లతో కట్టి ఉన్నాయి, ముందు బ్యాగులో నాలుగు కిలోల రాజ్మా. లంబసింగి దాటేసరికే చీకటి పడుతోంది, పొగమంచు దిగుతోంది. ఒక మలుపులో పైకి బస్సు వస్తుంటే ఆగుదామని క్లచ్ పట్టాను. చేతిలో టప్ మని శబ్దం. లివర్ మెత్తగా వేలాడిపోయింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. క్లచ్ వైరు తెగింది.

మోపెడ్‌లో ఈ వైరే ఉండదు కాబట్టి ఇది తెగితే ఏం చేయాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. బండి గేరులో ఇరుక్కుని ఉంది, ముందుకీ వెనక్కీ అటూ ఇటూ ఊపుతూ మడమతో నొక్కి కష్టపడి న్యూట్రల్‌కి తెచ్చాను. సామాన్లు రోడ్డు మీద వదిలి నడిచి వెళ్లలేను. బండి తోసుకుంటూ దిగితే రాత్రి పది దాటుతుంది. పావుగంట తర్వాత కాఫీ గింజల మూటలతో ఒక జీపు ఆగింది. డ్రైవరు పెద్దాయన. టార్చి వేసి చూసి నవ్వాడు. "వైరే కదా బాబూ తెగింది, బండి తెగలేదు కదా" అని ధైర్యం చెప్పి, ఎలా దిగాలో నేర్పాడు.

ఇంజను ఆపే ఉంచి, తాళం ఆన్ చేసి, న్యూట్రల్లో పల్లంలోకి బండిని వదలాలి. కొంచెం పరుగు అందుకోగానే రెండు నొక్కులు నొక్కి రెండో గేరులోకి వేయాలి. ఒక కుదుపు కుదిపి ఇంజను అంటుకుంటుంది. ఆ తర్వాత కింద దాకా గేరు మార్చొద్దు. ఆగాల్సి వస్తే రేజు వదిలిన క్షణంలోనే మడమతో న్యూట్రల్‌కి తేవాలి. కుదరకపోతే బ్రేకు పట్టి ఇంజను చచ్చిపోనివ్వాలి. ఆయన చెప్పినట్టే చేశాను. మొదటి కుదుపుకి వెనక హెడ్లు ఊగి నా నడుముకి తగిలాయి. తర్వాత బండి అదే గొంతుతో, అదే స్పీడులో దిగింది. నా వెనకాలే జీపు లైట్లు. మలుపుల దగ్గర నేను నిదానిస్తే ఆయనా నిదానించాడు. డౌనూరు దాకా అలా వెనకే వచ్చి, హారన్ కొట్టి వెళ్లిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను. ఈ మూడేళ్లలో ఆ దారిలో కాఫీ మూటల జీపు కనిపించినప్పుడల్లా డ్రైవరు మొహం చూస్తున్నాను.

డౌనూరులో షెడ్డు కట్టేసే వేళ. మెకానిక్ పది నిమిషాల్లో కొత్త వైరు వేశాడు. తెగిన వైరు నా చేతిలో పెట్టాడు. లివర్ దగ్గర గుండు పక్కన పోగులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. మూడు నాలుగు పోగులు మాత్రం మెరుస్తున్నాయి. అంటే ఆ రోజు తెగినవి అవే, మిగతావి ఎప్పుడో తెగిపోయాయి. ఆ వైరు అంతకు ఏడాది ముందు ఒక షాపులో వేయించింది, కంపెనీది కాదు, తక్కువ ధరది. అయినా తప్పంతా దాని మీద నెట్టలేను. నెల రోజుల ముందు నుంచీ క్లచ్ బిగుసుగా ఉంది. బండి చెబుతూనే ఉంది, నేను వినలేదు. ఇప్పుడు నెలకోసారి వైరులో రెండు చుక్కల మిషన్ ఆయిల్ దించుతాను, ఆయిల్ నా డబ్బాలోనే ఉంటుంది. పాత వైరు పక్కనే కొత్త వైరు ఒకటి కూడా పరిచి టేపు చుట్టి ఉంచాను. తెగితే రెండు చివర్లూ తగిలిస్తే చాలు.

కాబట్టి గేర్ల బండికి ఖర్చు తక్కువని నేను అనను. మోపెడ్‌కి పన్నెండేళ్లలో క్లచ్ గురించి ఆలోచించిందే లేదు. దీనికి ఆరేళ్లలో ఒకసారి క్లచ్ ప్లేట్లు, రెండుసార్లు చైన్ సెట్టు. రెండో గేరు వాడకం వల్ల చైను మీద భారం కూడా పడుతుందని మెకానిక్ అంటాడు, నిజమే అయ్యుండొచ్చు. పెద్ద చీకాకు సామాను. ముందు మిషన్ హెడ్ పెట్టుకునే చోటే లేదు. అంతా వెనకే కట్టాలి, ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలికైపోతుంది. 110 కిలోల దాకా ఉన్న బండిని మా వాకిట్లో రెండు మెట్లు ఎక్కించడం వానాకాలంలో ఇబ్బందే. మా ఆవిడ మోపెడ్ తనే నడిపి గుడికి, బజారుకి వెళ్లేది. ఇది ఆమె నడపదు. ఆ లోటు మా ఇంట్లో ఇంకా తీరలేదు.

పొద్దున చలికి లంబసింగిలో చోక్ లాగి రెండో కిక్కుకో మూడో కిక్కుకో స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ వీక్ అయిన రోజుల్లో ఆ కిక్కే నాకు దిక్కు. 2020 నుంచి వచ్చిన బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) స్ప్లెండర్లలో కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్ ఉంటుంది. వాటిని ఈ ఘాట్‌లో నేను నడపలేదు, వాటి గురించి చెప్పను.

మీరు ఊళ్లోనే తిరిగేవాళ్లయితే, పాలక్యానో బియ్యం మూటో ముందు పెట్టుకుని మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లేవాళ్లయితే మోపెడ్ మార్చకండి. నాకు కొండ ఉంది, మీకు లేకపోవచ్చు. నా మోకాళ్లు ఇంకా కిక్ కొడుతున్నాయి. అవి మొరాయించిన రోజు నా మాట కూడా మారవచ్చు.

మొన్న తాజంగిలో మా పాత గిరాకీ అమ్మాయి, టైలరు, "అన్నా, మా ఆయన లూనా అమ్మేసి ఇలాంటిది కొంటానంటున్నాడు, కొనమంటావా" అని అడిగింది. వాళ్లాయన్ని పిలిచి గేర్ల లైసెన్సు ఉందా అని అడిగాను, ఉందన్నాడు. తాళం చేతికిచ్చి, ఎదురుగా ఉన్న దిబ్బ ఎక్కి రమ్మన్నాను. దిగేటప్పుడు మాత్రం బ్రేకు జోలికి పోకుండా రెండో గేరులో రమ్మని చెప్పాను. పది నిమిషాల తర్వాత తిరిగొచ్చాడు. బండి స్టాండు వేసి, వెనక చక్రం పక్కన కూర్చుని డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి చూశాడు.